మిగులు కరెంటు డిస్కంకా, మన బండికా?

నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లిని 2025 సెప్టెంబరులో దక్షిణ భారతంలోనే మొదటి పూర్తి సోలార్ గ్రామంగా ప్రకటించారు. అది ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంతూరు. 480 ఇళ్ల మీద ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున పలకలు బిగించారు. 11 ప్రభుత్వ భవనాల మీద 60 కిలోవాట్లు పెట్టారు. కేంద్రం సబ్సిడీ, కంపెనీ సామాజిక బాధ్యత నిధులు, రాష్ట్ర సర్కారు సొమ్ము అన్నీ కలిపి ఖర్చు 10.53 కోట్లు. ఇల్లు వాడుకోగా మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పోతుంది. దానికి యూనిట్‌కు 5.25 రూపాయలు కట్టిస్తారు. పాత పాలమూరులో ఒక ఊరు కరెంటు కొనే స్థితి నుంచి అమ్మే స్థితికి వచ్చింది. కాదనాల్సిన పని లేదు, మంచిదే.

మిగతా ఊళ్లు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: మాకెప్పుడు? అది న్యాయమైన ప్రశ్న. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ఎవరూ అడగడం లేదు. మన కప్పు మీద పుట్టి మన ఇంట్లో మిగిలిన కరెంటును అయిదు రూపాయలకు అమ్ముకోవడమే దానికి సరైన వాడకమా? కాదని నా అభిప్రాయం. ఆ కరెంటు మన బండిలోకి పోతే దాని విలువ ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ విలువ మనకు దక్కాలంటే ఇప్పుడే పట్టుబట్టాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ముందు లెక్క చూద్దాం. మన ఎండకు 1 కిలోవాట్ పలక రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. ఎండాకాలం ఇంకొంచెం ఎక్కువ, ముసురు పట్టిన రోజుల్లో సగం కూడా రాదు. ఆ సగటున 3 కిలోవాట్లకు నెలకు 360 యూనిట్లు. రెండు ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్, లైట్లు ఉండే మామూలు రైతు ఇంటికి నెలకు 110, 120 యూనిట్లు చాలు. అంటే 240 యూనిట్ల మిగులు. 5.25 చొప్పున అమ్మితే నెలకు 1,260 రూపాయలు.

అవే 240 యూనిట్లు ఎలక్ట్రిక్ కారులో నింపితే? చిన్న కారుకు 100 కిలోమీటర్లకు 14 యూనిట్ల దాకా పడుతుంది. 240 యూనిట్లకు 1,700 కిలోమీటర్లు తిరగవచ్చు. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు అంత దూరం పోవాలంటే 94 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన పది వేలు. అదే కరెంటు, అదే కప్పు. డిస్కంకు అమ్మితే పన్నెండు వందల అరవై, బండిలో పోసుకుంటే పది వేల పెట్రోలు మిగులు. ఒక్క యూనిట్ చొప్పున చూసినా అక్కడ అయిదు రూపాయలు, ఇక్కడ నలభై పైన.

రైతు సంఘం పత్రికలో కారు ముచ్చటేంది అని నొసలు చిట్లించేవాళ్లుంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో తిరిగేవాళ్లకు ఆ అనుమానం రాదు. సెకండ్‌హ్యాండ్ కారు ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపిస్తుంది. పెద్దవాళ్లను హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకుపోవడానికీ, పెళ్లిళ్లకూ, పిల్లల కాలేజీలకూ అదే ఆధారం. ఎవుసం గిట్టుబాటు కాక ట్యాక్సీ నడుపుకునే పిలగాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇక పాలు, కూరగాయలు, బత్తాయి, ఎరువుల బస్తాలు, అన్నీ బండి మీదే నడుస్తాయి. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికీ అక్కడి నుంచి ఇంటికీ తిరిగే తిరుగుడు సాగు ఖర్చుల లెక్కలో ఏనాడూ పూర్తిగా కనిపించదు. మద్దతు ధర లెక్కేసే పెద్దలకు విత్తనం కనిపిస్తుంది, యూరియా కనిపిస్తుంది, రైతు బండి ట్యాంకు కనిపించదు.

అయితే ఉత్సాహంతో తొందరపడొద్దు. పై లెక్కలో నెలకు 1,700 కిలోమీటర్లు తిరిగితేనే పది వేలు. 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి నెలకు పెట్రోలు ఆదా 5,900 దాకా ఉంటుంది. అమ్ముకుంటే వచ్చే డబ్బు 735 రూపాయలు అందులో తీసేస్తే 5,100 పైన నిలుస్తుంది. ఎలక్ట్రిక్ కారు అదే సైజు పెట్రోలు కారు కంటే రెండు మూడు లక్షలు ఎక్కువ అనుకున్నా నాలుగేళ్లలో తేడా తీరుతుంది. నెలకు 300 కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి మాత్రం ఈ బేరం పడదు. ఊరికే వాకిట్లో నిలబెట్టుకోవడానికి అప్పు చేసి ఎలక్ట్రిక్ కారు కొనడం కంటే పాత బండితో వెళ్లదీయడమే మేలు. రాష్ట్రంలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2026 డిసెంబరు 31 దాకా ఉంది. 2024 నవంబరులో ఇచ్చిన 41వ నంబరు జీవో అది. ట్రాక్టర్లకూ వర్తిస్తుంది. కొనాలనుకున్నవాళ్లు ఆ గడువు చూసుకోవాలి. ట్రాక్టరు మాటకొస్తే, మన నేలల్లో నాగళ్లు వేసి రోజంతా దున్నే ఎలక్ట్రిక్ ట్రాక్టరు సన్నకారు రైతుకు అందే ధరలో రావడానికి ఇంకా సమయం పడుతుంది.

స్కూటరు సంగతి వేరు. దానికి సోలార్ అక్కర్లేదు. 100 కిలోమీటర్లకు 3 యూనిట్లే తింటుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగినా నెలకు 36 యూనిట్లు. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి ఉన్న ఇల్లు ఆ 36 కలిపినా 200 యూనిట్లు దాటదు, సున్నా బిల్లు సున్నాగానే ఉంటుంది. స్కూటరు కొంటే కప్పు మీద సోలార్ తప్పదని మాటలు చెప్పి రెండు లక్షల సామాను అంటగట్టే ఏజెంటు వస్తే ఈ లెక్క ముందు పెట్టండి.

సోలార్ అసలు అక్కరకొచ్చేది ట్రాలీ ఆటోకు. పాల క్యాన్లో కూరగాయల ట్రేలో వేసుకుని రోజుకు 80 కిలోమీటర్లు తిరిగే ఎలక్ట్రిక్ ట్రాలీకి 8 యూనిట్ల దాకా కావాలి. నెలలో 25 రోజులకు 200 యూనిట్లు. ఇంటి 110తో కలిపితే 310. గృహజ్యోతి గీత 200 దగ్గర ఉంది. ఆ గీత దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ బిల్లు పడుతుంది. మొదటి 200కు 5.10 రూపాయల చొప్పున, తర్వాతి 100కు 7.70, ఆపైన 9. మొత్తం 1,800 దాటుతుంది, ఫిక్స్‌డ్ ఛార్జీలు అదనం. డీజిల్ ఖర్చుతో పోలిస్తే అదీ తక్కువే. కానీ సున్నా బిల్లు అలవాటైన ఇంట్లో ఆ కాగితం చూడగానే ఆడవాళ్లు ట్రాలీని తిట్టుకుంటారు. కప్పు మీద 3 కిలోవాట్లుంటే నెలకు వచ్చేది 360, ఇంటికీ ట్రాలీకీ కలిపి కావాల్సింది 310. కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోతుంది.

ఇక్కడే మొదటి చిక్కు. సోలార్ పెట్టుకుని నెట్ మీటరు బిగించుకున్న ఇంటికి గృహజ్యోతిని ఏ లెక్కన చూస్తారు? గ్రిడ్ నుంచి తీసుకున్న మొత్తం యూనిట్ల మీదనా, ఇచ్చింది తీసేయగా మిగిలిన యూనిట్ల మీదనా? ఈ ఒక్క మాట స్పష్టంగా తెలుగులో రాసి ప్రతి సబ్‌స్టేషన్ గోడ మీద అంటించాలి. 200 యూనిట్ల దాకా ఉచితం అని ఒక చేత్తో ఇచ్చినప్పుడు, పేద రైతు సోలార్ వైపు ఎందుకు చూస్తాడు? బిల్లు లేని ఇంటికి బిల్లు తగ్గుతుందని చెప్పి పలకలు అమ్మలేరు. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, అయినా మన పల్లెల్లో కప్పులు ఖాళీగానే కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. మిగిలిన లక్ష, లక్షా ఇరవై వేలకు బ్యాంకు అప్పు తీసుకోవాలి. అయిదేళ్లలో కట్టాలంటే నెలకు 2,300, 2,400 కిస్తీ. బండి పెట్రోలు ఖర్చు తప్పితే ఆ కిస్తీ అందులోంచే వెళ్లిపోతుంది, బండి లేకపోతే జేబులోంచి పోవాలి. కాబట్టి పల్లెలో కప్పు మీది సోలార్‌నూ వాకిట్లోని బండినీ విడివిడిగా చూస్తే రెండూ నష్టంగానే కనిపిస్తాయి, కలిపి చూస్తేనే గిట్టుబాటు.

రెండో చిక్కు నెట్ మీటరింగ్. పగలు మనం గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్‌ను రాత్రి మళ్లీ యూనిట్‌కు యూనిట్‌గా తీసుకోగలగడం నెట్ మీటరింగ్. అంటే గ్రిడ్ మన ధాన్యం కొట్టు. పొద్దున పోసిన బస్తా సాయంత్రం అలాగే తెచ్చుకుంటాం. ట్రాలీ పగలు రోడ్డు మీద ఉంటుంది, ఎండ కూడా పగలే ఉంటుంది. నెట్ మీటరింగ్ లేకపోతే వీళ్లిద్దరికీ కలుసుకునే వేళే లేదు. పగలిచ్చిన యూనిట్‌కు తక్కువ ధర కట్టి, రాత్రి తీసుకునే యూనిట్‌కు పూర్తి రేటు వసూలు చేసే పద్ధతి ఇంకోటి ఉంది. డిస్కంలకు అదంటేనే ఇష్టం. అది వచ్చిన నాడు పైన వేసిన ట్రాలీ లెక్క తలకిందులవుతుంది. ఇంటి పలకలు పెరిగేకొద్దీ ఆ వైపు ఒత్తిడి పెరుగుతుంది. ఇల్లిల్లూ పెట్టుకునేదాకా రాయితీలు చూపి, అందరూ పెట్టుకున్నాక నిబంధనలు మార్చే అలవాటు మన సర్కార్లకు లేదని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? పల్లె ఇళ్లకు, కనీసం 5 కిలోవాట్ల లోపు వాటికి, బిగించిన రోజు నుంచి పలకల ఆయుష్షు ఉన్నన్నాళ్లూ యూనిట్‌కు యూనిట్ లెక్కే ఉంటుందని ఒప్పందంలోనే రాసివ్వాలి.

వైరింగ్ విషయం కూడా చెప్పుకోవాలి. దీన్ని అమ్మేవాళ్లెవరూ చెప్పరు. ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకు కారు తగిలిస్తే 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. అంటే నాలుగు హెచ్‌పీ మోటారు ఆరేడు గంటలు ఆగకుండా నడిచినట్టు. మన ఇళ్లలో చాలా మీటర్లకు మంజూరైన లోడు 1 కిలోవాట్ కూడా ఉండదు. పాత సన్న వైర్లు, ఎర్తింగ్ పేరుకు ఒక కడ్డీ. ఆ ఇంట్లో కారు ఛార్జింగ్ పెడితే ప్లగ్గు కాలడం ఖాయం. ముందు లోడు పెంచుకోవాలి, మీటరు దగ్గర నుంచి దానికి వేరే లావు తీగ లాగాలి, సరైన ఎర్తింగ్ గుంత తీయాలి. బోరు మోటారుకు ఎంత జాగ్రత్త పడతామో అంత. వీలైనప్పుడల్లా పగలు పది నుంచి మూడు మధ్య ఛార్జింగ్ పెట్టడం మంచిది. ఆ వేళ కప్పు మీది కరెంటు నేరుగా బండిలోకి దిగుతుంది, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు పడదు. రాత్రి ఎనిమిదింటికి నాలుగు కార్లు ఒకే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడితే చివరి ఇంట్లో బల్బు ఎర్రగా మిణుకుతుంది. కొన్ని కార్లలో ఛార్జింగ్ ఆంప్స్ తగ్గించుకునే వీలుంటుంది. 6 ఆంప్స్‌లో పెడితే 1.4 కిలోవాట్లే తీసుకుంటుంది, మబ్బు పట్టిన రోజుకు అది పనికొస్తుంది.

ఇంకో మాట. గ్రిడ్‌కు కలిపిన సోలార్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ ఉన్నా ఫ్యాను తిరగదు. అది లోపం కాదు, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు. బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు వేరే పెట్టుకుంటే తప్ప కరెంటు కోతలో సోలార్ ఆదుకోదు. ఈ ముక్క ముందే చెప్పకపోవడం వల్ల ఊళ్లలో చెడ్డపేరు వస్తోంది. కోతుల బెడద సరేసరి. పలకలకు పైన జాలీ వేస్తే ఖర్చు, వేయకపోతే భయం.

ఇక చేను. నాకు ఇంటి కప్పు కంటే ముఖ్యమనిపించేది ఇదే. 2025 మే 18న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. పోడు పట్టాలున్న గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్లిచ్చే పథకం. 12,600 కోట్లతో 2.10 లక్షల మంది రైతులకు, 6 లక్షల ఎకరాలకు నీళ్లంటున్నారు. కరెంటు తీగ పోని నల్లమల అంచు భూములకు ఇది నిజంగానే మేలు. 5 హెచ్‌పీ పంపుకు బిగించే పలకలు మంచి ఎండలో రోజుకు 20 యూనిట్ల దాకా ఇస్తాయి. మన మెట్టలో మోటారు ఏడాది పొడుగునా నడవదు. వానకాలంలో వానలు సరిగా పడితే అవసరం లేదు. యాసంగి కోసుకున్నాక చేను ఎండుతుంది, ఎండ మాత్రం అప్పుడే మండుతుంది. పలకలు ఎక్కువ కరెంటు ఇచ్చే ఏప్రిల్, మే నెలల్లో వాటికి పని ఉండదు.

పని లేని ఉచిత కరెంటు చేతిలో ఉంటే ఏమవుతుంది? మోటారు నడుస్తూనే ఉంటుంది. నీళ్లు పారుతూనే ఉంటాయి. బోరు ఇంకో యాభై అడుగులు దిగుతుంది. లోతుకు పోయేకొద్దీ ఫ్లోరిన్ పెరుగుతుందని నల్లగొండకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వంకర పోయిన కాళ్లు చూసిన జిల్లా ఇది. అందుకే చేలో మిగిలిన సోలార్‌కు నీళ్లు తోడటం కాకుండా ఇంకో గిరాకీ ఉండాలి. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి రైతులు పదేళ్ల కిందటే సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకుని, తోడని నీటికి బదులు కరెంటును అక్కడి డిస్కంకు యూనిట్ 4.63 రూపాయలకు, 25 ఏళ్ల ఒప్పందం మీద అమ్మారు. మోటారు ఆపితే డబ్బొస్తుంది కాబట్టి ఆపడానికి కారణం దొరికింది. మన దగ్గర అడవి అంచు చేలకు తీగ లేదు, అమ్మడానికి దారి లేదు. అక్కడ బండే గిరాకీ కావచ్చు. పంపును మాత్రమే నడిపే కంట్రోలరు కాకుండా పిండిగిర్నీ, గడ్డి కోసే మిషను, బ్యాటరీ ఛార్జింగ్ కూడా నడిపే యూనివర్సల్ కంట్రోలరుకు కేంద్రం కుసుమ్ పథకంలోనే అనుమతి ఉంది. మాచారంలో మొదలైన ఈ పథకంలో ప్రతి పంపుకూ అదే బిగించాలని అడగాలి. పంపుసెట్టు ఇచ్చే రోజే అడగాలి, తర్వాత మార్చాలంటే ఖర్చు రైతు నెత్తిన పడుతుంది.

అమ్మకం ధర గురించి కూడా ఒక మాట. కుసుమ్‌లో రైతు పొలంలో పెట్టే అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల ప్లాంట్లకు మన రాష్ట్రంలో ఖరారు చేసిన ధర యూనిట్‌కు 3.13 రూపాయలు. ఇంటి కప్పు మీది యూనిట్‌కు కొండారెడ్డిపల్లిలో 5.25. రైతు భూమిలో పుట్టిన కరెంటు చవక, అదే కరెంటు రోడ్డు పక్క ఛార్జింగ్ కేంద్రంలో కొనుక్కుంటే దానికి ఎన్నో రెట్లు. వడ్లు అమ్మి బియ్యం కొనుక్కునే కథే మళ్లీ. మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సోలార్ పెట్టిస్తామని సర్కారు చెబుతోంది. ఆ సంఘాలకు కరెంటును డిస్కంకు అమ్మే హక్కు ఒక్కటే ఇవ్వొద్దు. ఊరి పాలకేంద్రం దగ్గర, కొనుగోలు కేంద్రం దగ్గర ఛార్జింగ్ పాయింటు పెట్టి నేరుగా ట్రాలీలకు అమ్ముకునే హక్కు కూడా ఇవ్వాలి. యూనిట్ ఏడెనిమిది రూపాయలకు అమ్మినా బండివాడికి డీజిల్ కంటే చవక, సంఘానికి 3.13కు రెండింతలు. రేకుల ఇళ్లవాళ్లు, కౌలు రైతులు, కప్పు మీద నాలుగు పలకలకు కూడా చోటు లేనివాళ్లు ఊళ్లో సగం మంది. సొంత కప్పున్నవాడికే సోలార్ అంటే వాళ్లు ఎప్పటికీ బయటే ఉంటారు. వాళ్ల దాకా పోయే దారి ఊరుమ్మడి పాయింటే.

ఇదంతా చెబుతూ ఒక హద్దు గీయాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. సోలార్ పంపు వచ్చింది కాబట్టి సర్వీసు కోసేస్తామన్నా, సోలార్ లెక్క కోసమంటూ బోరు మోటార్లకు మీటర్లు బిగిస్తామన్నా ఒప్పుకునేది లేదు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చున్న రైతులు కోరిన వాటిలో విద్యుత్ సవరణ బిల్లు వద్దన్నదీ ఒకటి. సోలార్ అదనంగా రావాలి, ఉన్నదానికి బదులుగా కాదు.

మన దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి భూములిచ్చాం. దాని బొగ్గు దుమ్మూ బూడిదా పక్క ఊళ్లకే. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేశారు. బొగ్గు మన పక్కన కాలాలి, బ్యాటరీ మన పక్కన తయారవ్వాలి, బండి మాత్రం పట్నంలో తిరగాలి అంటే కుదరదు. కొండారెడ్డిపల్లిలో ఇంటికి సగటున రెండు లక్షల పైచిలుకు పెట్టిన సర్కారు, మండలానికి ఒక్క ఊరిలోనైనా అదే పద్ధతిలో, ఈసారి ఊరుమ్మడి ఛార్జింగ్ పాయింటుతో కలిపి చేసి చూపాలి.

డిస్కంలు ఏటా ఛార్జీల ప్రతిపాదనలు పెట్టినప్పుడు విద్యుత్ నియంత్రణ మండలి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా రాసివ్వొచ్చు, ఎవరైనా మాట్లాడొచ్చు. అక్కడికి మన వాళ్లు పోయేది ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్లు కాలినా మార్చడం లేదని చెప్పడానికే. ఈసారి మండల కమిటీలు ముందే కూర్చుని నెట్ మీటరింగ్ ఒప్పందం, గృహజ్యోతి లెక్క, ఊరుమ్మడి ఛార్జింగ్ హక్కు, ఈ మూడింటి మీద గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపాలి. విచారణ రోజు ప్రతి నియోజకవర్గం నుంచి ఒక్కరైనా, వీలైతే ట్రాలీ నడిపే మనిషి, మైకు దగ్గరికి పోవాలి.